మా అత్త పాడె బరువు

ఆ ఏడు మా లోయలో పత్తి ఎవరూ తియ్యలేదు. కాయలు పగిలి, దూది వేలాడుతూ, మంచు పడేదాకా చేలల్లోనే ఉండిపోయింది. వఖ్ష్ లోయ మొత్తం మీద నా అంత చురుగ్గా పత్తి తీసే ఆడది లేదని నాకు పేరు. అలాంటిదాన్ని గుమ్మంలో కూర్చుని, ఎదురుగా తెల్లగా నిలబడ్డ చేనుని చూస్తూ, తలుపు గొళ్ళెం మీద చెయ్యి తియ్యకుండా రోజులు గడిపాను. చేలో దిగినవాళ్ళు తిరిగి వస్తారన్న నమ్మకం లేదు.

"మీదెక్కడ?" అని అడిగేవారు. ఇదివరకు ఆ ప్రశ్న పెళ్ళి సంబంధాలప్పుడు అడిగేది, లేదా టీ కొట్టు దగ్గర ఊసుపోక అడిగేది. ఆ శరదృతువులో తుపాకీ పట్టుకుని అడగడం మొదలుపెట్టారు. జవాబు తప్పయితే కాలువ గట్టుకి నడిపించుకుపోయేవారు. ఏది తప్పు జవాబో అడిగేవాణ్ణి బట్టి మారేది.

నిజానికి మా ఊళ్ళో ఆ ఊరివాళ్ళంటూ ఎవరూ లేరు. మా అత్త సవ్రీ మాటల్లో చెప్పాలంటే, "మనమంతా లారీల్లో వచ్చిన మూటలమే." పత్తికి చేతులు కావాలని ఆ రోజుల్లో సర్కారు కొండల మీది ఊళ్ళకి ఊళ్ళు కిందికి దింపేసింది. మళ్ళీ వెనక్కి పోకుండా ఇళ్ళ దూలాలు పీకించింది. మా అత్త మూడేళ్ళ కూతురు లారీలోనే చలికి బిగుసుకుపోయిందట. గర్మ్ కొండల వాళ్ళని కాలువ ఎగువన, మా కులాబ్ కొండల వాళ్ళని దిగువన పెట్టారు. నలభై ఏళ్ళు ఒకే కాలువ నీళ్ళు తాగాం. పెద్ద ఉద్యోగం ఎవరి వైపు వాడికొచ్చింది, ట్రాక్టర్లు ఎవరి వైపు ఎక్కువున్నాయి అని ఆ నలభై ఏళ్ళూ కుళ్ళుకుంటూనే ఉన్నాం. సోవియట్ సర్కారు కూలిన మరుసటి ఏడు రాజధానిలో రెండు చౌరస్తాల్లో రెండు సభలు కూర్చున్నాయి, గర్మ్ వైపువాళ్ళదొకటి, కులాబ్ వైపువాళ్ళదొకటి. ఎండాకాలానికి ఆ పోట్లాట మా కాలువ దాకా వచ్చేసింది.

నేను కులాబ్ పిల్లని, గర్మ్ ఇంటి కోడల్ని. మా ఆయన హిక్మత్ బళ్ళో రసాయనశాస్త్రం చెప్పేవాడు. పదేళ్ళ కాపురంలో మాకు పిల్లలు లేరు. ఆ సంగతి నేను మర్చిపోయిన రోజున మా అత్త గుర్తు చేసేది. గుప్పెడంత మనిషి, నోరు మాత్రం ఊరంత.

నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం మా తమ్ముడు సబ్జాలీ ట్రాక్టరు మీద వచ్చాడు. భుజాన తుపాకీ.

"అక్కా, టీ పొయ్యి."

"ముందు ఆ దరిద్రాన్ని గుమ్మం బయట పెట్టిరా. మా అత్త చూసిందంటే చీపురు తిరగేస్తుంది."

వాడు నవ్వలేదు. తుపాకీ బయట పెట్టలేదు కూడా. అరుగు మీద కూర్చుని రొట్టె తుంచుకుని, టీలో ముంచుకుంటూ, "బావ ఏడీ?" అన్నాడు.

"పని మీద ఊరెళ్ళాడు."

"చెప్పులు ఇక్కడే ఉన్నాయే. ఒట్టికాళ్ళతో వెళ్ళాడా?"

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. వీణ్ణి నేను ఎత్తుకుని పెంచాను. వీడి ముక్కు తుడిచాను, వీడి మొదటి అంగీ నేనే కుట్టాను. వీడంటే నాకు భయం వేసింది.

"నేను చూళ్ళేదులే," అన్నాడు వాడే. "కానీ విను. గురువారానికి మా దళం వస్తుంది. పదిహేను నుంచి అరవై లోపు గర్మ్ మగవాడు కనపడితే ఇక మాటల్లేవు. నువ్వు మనదానివి, నిన్నెవరూ ముట్టుకోరు. సామాను సర్దుకో, ట్రాక్టరు తెచ్చాను."

"మరి మీ బావ?"

వాడు రొట్టె ముక్క కింద పెట్టాడు. "మన మేనమామని జూన్‌లో ఆ గర్మ్ వాళ్ళు ఏం చేశారో మర్చిపోయావా? వంతెన కింద ఎలా పడేశారో చూశావుగా? నీ పక్కనే నిలబడ్డాను నేను."

"అది మీ బావ చేశాడా? ఆ మనిషి కోడిని కొయ్యాలన్నా పక్కింటివాణ్ణి పిలుస్తాడు."

"చేసినవాళ్ళకీ ఇళ్ళున్నాయి అక్కా. వాళ్ళకీ అక్కలున్నారు."

వాడు లేచి, రొట్టె ముక్క కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. నేను వాడితో వెళ్ళలేదు. వాడు రెండోసారి అడగలేదు.

గురువారం దళం వచ్చింది. ఆ వారంలో మా వీధిలో పదకొండు ఇళ్ళు తగలబడ్డాయి. కాలువ గట్టు వైపు నుంచి తుపాకీ చప్పుడు వినపడినప్పుడల్లా లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టేదాన్ని. పెద్ద వంతెన దగ్గర కాపలా పెట్టారు. వంతెన దాటితే ఖబరస్తాన్, దాని వెనక రెల్లు దుబ్బులు, రెల్లు వెంబడి పోతే పంజ్ నది, నదికి ఆవల వేరే దేశం. వంతెన దాటినవాడు బతికినట్టే. ఆ వంతెన మీద మా తమ్ముణ్ణే నిలబెట్టారు, ముఖాలు గుర్తుపట్టడానికి.

మా ఆయన దొడ్లో పత్తికట్టెల వాము కింద గొయ్యిలో ఉన్నాడు. పొయ్యిలోకని ఏటా పేర్చే వామే. రెండుసార్లు ఇల్లు సోదా చేశారు. రెండోసారి ఒకడు ఇనపచువ్వ తెచ్చి వాములోకి గుచ్చి గుచ్చి చూశాడు. అది ఆయన చెవికి జానెడు దూరంలో దిగిందట. వాళ్ళు పోయాక ఆయన్ని పైకి లాగితే పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మూడోసారి వస్తే వాముకి నిప్పు పెడతారని మా ముగ్గురికీ తెలుసు.

మర్నాడు పొద్దున టీ దగ్గర మా అత్త అంది: "రేపు నేను చచ్చిపోతాను."

"పొద్దున్నే ఆ మాటలేంటి అత్తా!"

"నోరుమూసుకుని విను. ఆడదాని పాడెకి పైన వంపు చువ్వలు పెట్టి దుప్పటి కప్పుతారా లేదా? ఒంటి ఆకారం కూడా పరాయి మగాడికి కనపడకూడదనేగా? ఎంత రాక్షసుడైనా చచ్చిన ఆడదాని ముసుగు ఎత్తి చూడడు. ఎత్తితే వాడి అమ్మ కడుపు మాడ. అందులో వీణ్ణి పడుకోబెట్టండి. ఖబరస్తాన్ వంతెనకి అవతలే ఉంది. నన్ను పూడ్చడానికి తీసుకుపోండి."

మా ఆయన "అమ్మా" అన్నాడు.

"అమ్మా లేదు గిమ్మా లేదు. లారీలో ఒకదాన్ని పోగొట్టుకున్నాను. ఇంక నావల్ల కాదు." అంటూ టీ గిన్నె బోర్లించింది. "ఏమే అంజురత్, నువ్వు గట్టిగా ఏడవాలి. పది వీధులకి వినపడాలి. పత్తి తియ్యడం కాదు, ఏడవడంలో చూపించు నీ చురుకు."

నియాజ్ తాతకి చెప్పాం. మసీదులో నమాజు చేయించేది ఆయనే. అరవై దాటినవాడు కాబట్టి వదిలేశారు. ఇంకో ముగ్గురు ముసలివాళ్ళని ఆయనే తెచ్చాడు. అత్తకి స్నానం నేనే చేయించానని చెప్పాను, ఎవరూ ఆరా తియ్యలేదు. అత్త వెళ్ళి పశువుల కొట్టం వెనక, పత్తికట్టెలు పేర్చిన చీకటి కొట్లో దూరింది. మా ఆయన తెల్లగుడ్డ చుట్టించుకుని పాడె మీద పడుకున్నాడు. గుడ్డ ముఖం మీదికి లాగుతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన చెయ్యి మంచుగడ్డలా ఉంది. ఏదో అనబోయాడు. "శవాలు మాట్లాడవు," అన్నాను. పంపించేటప్పుడు నేను ఆయనతో అన్న చివరిమాట అది. ఇంకాస్త మంచిమాట దొరక్కపోయిందా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

చువ్వల మీద దుప్పటి కప్పి, దాని మీద అత్త పెళ్ళినాటి పట్టు అంగీ పరిచాం. నేను జుట్టు విరబోసుకుని ఏడుపు ఎత్తుకున్నాను. మొదట దొంగ ఏడుపే. రెండు నిమిషాల్లో అది నిజమైపోయింది. దళం వచ్చినప్పట్నుంచీ పేరుకున్న తొమ్మిది రోజుల భయమంతా గొంతులోంచి వచ్చేసింది. "అత్తా, నన్నొదిలి పోయావా అత్తా" అని నేను గుండెలు బాదుకుంటుంటే ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి నాతో కలిసి ఏడ్చారు. వాళ్ళ మొగుళ్ళ కోసం, కొడుకుల కోసం ఏడ్చుకోవడానికి వాళ్ళకి అప్పటిదాకా ఒక చావు దొరకలేదు.

మాలో ఆడవాళ్ళు గోరీ దాకా పోరు. వంతెనకి ఇవతల పొడుగు చెట్ల వరస దగ్గర ఆగిపోయాం. నలుగురు ముసలాళ్ళు పాడె మోసుకుంటూ ముందుకి పోయారు. వంతెన మీద ఆరేడుగురున్నారు. సబ్జాలీ ఉన్నాడు. వాళ్ళ మీసాల నాయకుడు పాడెని చూసి సిగరెట్టు పారేశాడు. చచ్చినవాళ్ళ కోసం ప్రార్థన చేసుకుంటూ అరచేతులతో ముఖం తడుముకున్నాడు. తుపాకీ రెయిలింగుకి ఆనించాడు. ఒక్కొక్కరే తుపాకులు దించుతున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

మాలో శవం ఎదురొస్తే పగవాడైనా సరే భుజం ఇచ్చి ఏడడుగులు మొయ్యాలి. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. ఊపిరి పీల్చినట్టు చేసే పని, అందుకే ఎవరికీ తట్టలేదు. ముఖం దాచాం, కాళ్ళు దాచాం, ఆకారం దాచాం. బరువు సంగతి ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. నియాజ్ తాత ఊరందరి జనాజాలూ నడిపించినవాడు, ఆయనకీ గుర్తు రాలేదు.

నాయకుడు ముందు కొమ్ము కింద భుజం పెట్టాడు. రెండో కొమ్ము కింద సబ్జాలీ. మా అత్త బరువెంతో వాడికి తెలుసు. కిందటేడు ఆవిడకి జ్వరమొస్తే ఒక్క చేత్తో ఎత్తి ట్రాక్టరు మీద కూర్చోబెట్టినవాడు వాడే.

ఒక అడుగు వేశారు. సబ్జాలీ భుజం కుంగింది. రెండో అడుగు పడలేదు. వాడు తల తిప్పి చెట్ల వరసకేసి చూశాడు. అంతమంది ఆడవాళ్ళలో నన్నే చూశాడు. నేను ఏడవడం మర్చిపోయాను. పక్కావిడ మోచేత్తో పొడిచింది.

"ముసల్ది అన్నారు!" నాయకుడి గొంతు కాలువ మీదుగా స్పష్టంగా వినపడింది. "ఎద్దుని కట్టుకొచ్చినట్టుందేంట్రా?"

నియాజ్ తాత పెదాలు కదులుతున్నాయి.

"పాపం బరువు," అన్నాడు సబ్జాలీ.

"ఏంటి?"

"మా అక్కకి అత్తగారు అన్నా ఈవిడ. పదేళ్ళు దాన్ని నిలబెట్టి కాల్చుకు తింది. గొడ్రాలు, గొడ్రాలు అని ఒకటే సాధింపు. ఆ పాపం ఊరికే పోతుందా? బరువే మరి."

వెనక ఒకడు కిసుక్కుమన్నాడు. నాయకుడు కూడా నవ్వాపుకుంటూ, "మా అమ్మమ్మా ఇంతే. ఆరుగురు మోశారు," అన్నాడు. ఏడడుగులు లెక్కపెట్టి వేసి, భుజం తప్పించి పక్కకి జరిగాడు. తర్వాతివాడు కొమ్ము కిందికి రాబోతే సబ్జాలీ చెయ్యి అడ్డం పెట్టాడు. "నేను గోరీ దాకా వెళ్ళొస్తాను. బంధువుని. ఈ తాతలు ఇంకో పది అడుగులకి వాళ్ళే శవాలయ్యేట్టున్నారు."

వాడు వంతెన దాటాడు. నేను ఉన్నచోటే చతికిలబడ్డాను. అత్త మీద ఎంత ప్రేమో అనుకున్నారు అందరూ.

సాయంత్రం వాడు మా గుమ్మం ముందుకొచ్చి, అంగీ మీద నడుముకి రుమాలు కట్టుకుని నిలబడ్డాడు. చావింటి మగవాళ్ళు నిలబడేది అలాగే. మా ఇంట్లో నిలబడ్డానికి ఇంకో మగవాడు లేడు. నేను టీ ఇవ్వబోతే నా ముఖం చూడకుండా అన్నాడు, "రెల్లులో కనపడకుండా పోయేదాకా చూశాను. గోతిలో రాళ్ళూ కట్టెలూ పూడ్చాం. నువ్వు ఏడుపు ఆపకు."

నా తమ్ముడి కాళ్ళ మీద పడదామనిపించింది. వీధిలో జనం ఉన్నారు. ఏడుస్తూ లోపలికెళ్ళాను.

మేం ఊహించనిది ఇంకోటి జరిగింది. సబ్జాలీ బంధువుల ఇంట్లో చావు గనక నాయకుడు తన మనుషులతో పరామర్శకి వచ్చాడు. మర్యాదస్థుడు మరి. మూడు రోజుల దినం దాకా ఇంటికి కాపలా కూడా తనదే అన్నాడు. వద్దని ఎవరంటారు? ముందు గదిలో పొయ్యి చుట్టూ పరుపులు పరుచుకుని పగలూ రాత్రీ అక్కడే తిష్ఠ వేశారు. ఆ రాత్రే మంచు మొదలైంది. అత్త ఉన్న కొట్టు వాళ్ళు కూర్చున్న గోడకి ఇరవై అడుగులు కూడా ఉండదు. అక్కడ నిప్పు పెట్టడానికి లేదు.

ఆవుకి మేత వేసే వంకతో రోజుకి రెండుసార్లు వెళ్ళేదాన్ని. రొట్టె, కొంగు కింద వేడి టీ. ఉన్న దుప్పట్లన్నీ వచ్చినవాళ్ళ కింద ఉన్నాయి. ఒక్క దుప్పటి తగ్గినా అడుగుతారు. నా దూది అంగీ ఒకటి తీసి ఇచ్చాను.

మొదటి రోజు ఆవిడ గుసగుసగా, "వాడు దాటాడా?" అంది. దాటాడని చెప్పాను. కళ్ళు మూసుకుంది. తర్వాత, "ఎవరెవరొచ్చారే నా చావుకి? ఆ మూలింటి గుల్బీ ఏడ్చిందా, ఊరికే కొంగు అడ్డం పెట్టుకుందా?" అంది.

"బాగానే ఏడ్చింది అత్తా."

"నువ్వూ బాగా ఏడ్చావు. ఇక్కడిదాకా వినపడింది. బతికుండగా ఒక్కసారైనా అంత ప్రేమగా పిలిచావటే నన్ను?"

ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వాం. నవ్వుతుంటే ఆవిడకి దగ్గొచ్చింది. ఆవుని గట్టిగా ఒక్కటి చరిచాను, అది అరిచింది. ముందు గదిలో మాటలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

రెండో రోజు ఆవిడ రొట్టె ముట్టలేదు. "ఈ దగ్గు నన్ను పట్టించేట్టుంది. పట్టిస్తే నేనొక్కదాన్నే కాదు, నీ తమ్ముడూ పోతాడు," అంది. వాడి పేరెత్తినప్పుడల్లా శాపనార్థాలు పెట్టే మనిషి. సబ్జాలీతో చెప్పాను, వీళ్ళని ఎలాగైనా లేపరా అని. వాడు మధ్యాహ్నం నాయకుడితో వంతెన దగ్గర మనుషులు చాలడం లేదన్నాడు. "మూడో రోజు భోజనం అయ్యాక పోదాం, ఇప్పుడే లేస్తే మర్యాద కాదు," అన్నాడాయన.

మూడో రోజు పొద్దున వాళ్ళ కోసం పెద్ద గిన్నెలో పలావు వండుతూనే ఒకసారి కొట్టంలోకి వెళ్ళాను. అత్త కట్టెలకి ఆనుకుని కూర్చునే ఉంది. నా అంగీ మెడ దాకా గుండీలు పెట్టుకుంది. తలగుడ్డ విప్పి, ఉండచుట్టి, నోట్లో కుక్కుకుంది. దగ్గు బయటికి రాకుండా. ముఖం చల్లగా ఉంది. గుడ్డ లాగబోతే పళ్ళ మధ్య నుంచి రాలేదు.

నేను అరవలేదు. మూడు రోజుల కిందట పది వీధులు వినేట్టు ఏడ్చిన గొంతు అది. ఆ రోజు ఒక్క చప్పుడు రానివ్వకుండా తిరిగొచ్చి పలావు కలిపాను, అడుగంటకుండా. వాళ్ళు తిని, చేతులెత్తి ఆవిడ ఆత్మ కోసం ప్రార్థించి, పలావు చాలా బాగుందని చెప్పి వెళ్ళారు.

మర్నాడు పొద్దున దట్టమైన పొగమంచు. తడిసిన కట్టెలు పారేసి, పొయ్యిలోకి కొత్తవి పీకడానికని నేనూ సబ్జాలీ తోపుడుబండి తీసుకుని చేలోకి పోయాం. కట్టెల మోపు మధ్యలో అత్త ఉంది. ఖబరస్తాన్‌లో ఆవిడకి గోరీ అప్పటికే ఉంది, పేరు కూడా రాయించాం. ఒకే మనిషిని రెండుసార్లు ఎవరు పూడుస్తారు? తియ్యని పత్తి మధ్య సబ్జాలీ గొయ్యి తవ్వాడు. నేల గడ్డకట్టి పార దిగడం లేదు. వాడు తవ్వుతూ ఏడుస్తున్నాడు, ముక్కు తుడుచుకోవడం లేదు. ఆవిణ్ణి కిందికి దించడానికి చేతుల్లోకి తీసుకుని ఆగిపోయాడు.

"ఏమీ లేదక్కా," అన్నాడు. "అసలు బరువే లేదు."

దగ్గర్లో పగిలి వేలాడుతున్న దూది వలిచాను. ఆ ఏడు నేను తీసిన పత్తి అదొక్కటే. ఆవిడ తల కింద పెట్టాను.

నలభయ్యో రోజున ఆడవాళ్ళు రొట్టెలు పట్టుకుని వచ్చారు. గుల్బీ నిట్టూర్చి, "మీ అత్త అదృష్టవంతురాలు. ఈ రోజుల్లో పాడె ఎవరికి దక్కుతోంది? మా ఆయన కాలవలోనే ఉన్నాడు, ఎక్కడో," అంది. "అవును," అన్నాను. ఇంకేం అంటాను?

ఏప్రిల్‌లో నది అవతల నుంచి కొందరు తిరిగి రావడం మొదలైంది. కూలిన ఇంటి గోడలు చూసుకోవడానికి వచ్చిన ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడ గుడారం పక్క గుడారంలోనే మా ఆయన ఉన్నాడట. పిల్లల్ని పోగేసి ఇసకలో రాసి చదువు చెబుతున్నాడట. ఆయన బతికున్నాడన్న మాట వినగానే నేను తలుపుని పట్టుకుని నిలబడ్డాను.

"నీకో మాట చెప్పమన్నాడమ్మా," అంది ఆవిడ మొహమాటంగా. "నాకైతే అర్థం కాలేదు. చలికాలం అయిపోయింది కదా, అమ్మని ఇక బయటికొచ్చి ఎండలో కూర్చోమను అన్నాడు. మీ అత్తగారు నవంబరులోనే పోయిందని ఊళ్ళో చెప్పారు. పంతులుగారికి మతి గానీ చలించిందా?"

"లేదు," అన్నాను. "బాగానే ఉంది."

తందూరులోంచి అప్పుడే తీసిన రొట్టె ఆవిడ చేతుల్లో పెట్టాను. ఎదురుగా అత్త ఉన్న చేలో ట్రాక్టరు కొత్త పత్తికి దుక్కి దున్నుతోంది.

"అటువైపు ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే చెప్పించండి," అన్నాను. "కూర్చుందని చెప్పండి."

ఆవిడ నాకేసి ఎగాదిగా చూసి, రొట్టె కొంగులో చుట్టుకుని గబగబా వెళ్ళిపోయింది.